గయేటా వెళ్తే బీచ్ ఒక్కటే చూసి రాకండి

ఇన్‌స్టాలో గయేటా అని కొట్టి చూడండి. ముందు సెరాపో బీచ్ వస్తుంది. వరసగా రంగు గొడుగులు, నీలం నీళ్లు, వెనకాల నిటారుగా ఒక కొండ. రీల్ చేసేవాళ్లంతా నీళ్ల వైపు కెమెరా పెడతారు. కొండ వైపు తిప్పినా బ్యాక్‌గ్రౌండ్ కోసమే. ఆ కొండ పేరు మోంటే ఓర్లాండో. 1861 ఫిబ్రవరి దాకా దాని మీద, దాని కింద గోడల వెనక ఒక రాజ్యం ఆఖరి ఊపిరి పట్టుకుని ఉంది. గొడుగులు పాతిన ఆ ఇసక, కోటకీ శత్రువుకీ మధ్య ఎవరూ నిలబడలేని ఖాళీ జాగాలో భాగం.

నేను రోమ్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. రోమ్‌లో ఉన్నవాళ్లకి గయేటా పెద్ద ట్రిప్పేమీ కాదు. టెర్మినీ స్టేషన్‌లో నేపుల్స్ వైపు వెళ్లే రీజియనల్ ట్రైన్ ఎక్కితే గంటంబావు, గంటన్నరలో ఫోర్మియా. అక్కణ్ణుంచి సముద్రం పక్కనే సిటీ బస్సు. నా రూమ్మేట్ అయితే "ఒరేయ్, కొలోసియమే ఇంకా సరిగ్గా చూళ్లేదు, మళ్లీ కోట ఎందుకురా" అని ముసుగుతన్ని పడుకున్నాడు. నేను ఒక్కణ్ణే వెళ్లాను. ఒకందుకు అదే మంచిదైంది. ఈ ఊరు నడిస్తేనే అర్థమవుతుంది, నడిచేటప్పుడు మాట్లాడుకోడానికి లేనంత ఎక్కుడు ఉంది.

ముందు ఊరి ఆకారం చెప్తాను, అది తెలిస్తే మిగతా కథ సగం తెలిసినట్టే. నేల సముద్రంలోకి ఒక పిడికిలిలా చొచ్చుకుపోయింది. పిడికిలి అంతా కొండ. తూర్పు వాలులో పాత ఊరు, రేవు, చివర్న పెద్ద కోట. మణికట్టు దగ్గర మాత్రం సన్నటి నేల. మన వైజాగ్ డాల్ఫిన్ నోస్‌ని ఇంకొంచెం లాగి, సముద్రంలోకి తోసినట్టు ఊహించుకోండి. శత్రువు నేల మీంచి రావాలంటే ఆ మణికట్టు ఒక్కటే దారి. అక్కడ గోడలు, బురుజులు, కందకాలు, ఫిరంగులు. మిగతా మూడు వైపులా నీళ్లే.

అంటే ఈ కోటకి అసలు తలుపు నేల మీద లేదు, సముద్రం మీద ఉంది. అది తెరిచి ఉన్నన్నాళ్లూ తిండి వస్తుంది, మందుగుండు వస్తుంది, గాయపడ్డవాళ్లు బయటికి వెళ్తారు. మూసుకుందా, ఇక రోజులు లెక్కపెట్టుకోవడమే. ఇది నేను కనిపెట్టిందేం కాదు. 1806లో నెపోలియన్ సేనాని మస్సేనా ఇదే కోటని ముట్టడిస్తే దాదాపు ఐదు నెలలు పట్టింది. ఎందుకంటే సముద్రం మీద బ్రిటిష్ నౌకలు ఉన్నాయి, లోపలివాళ్లకి సరుకు అందుతూనే ఉంది. యాభై ఏళ్లు తిరిగేసరికి అదే సీన్ మళ్లీ వచ్చింది. ఈసారి కాపలా ఉన్నది ఫ్రెంచి నౌకలు. అవి చివరిదాకా ఉండలేదు.

కథలోకి వద్దాం. 1860 నాటికి ఇటలీ అనే దేశం లేదు, ముక్కలు ముక్కలుగా రాజ్యాలున్నాయి. సిసిలీ దీవి, దానికి పైన దక్షిణ ఇటలీ అంతా కలిపి రెండు సిసిలీల రాజ్యం. రాజధాని నేపుల్స్, రాజులు బూర్బన్ వంశం. ఉత్తరాన పియెడ్‌మాంట్ రాజ్యం, దేశాన్ని ఏకం చేసే పనిలో ఉంది. 1860 మే నెలలో గారిబాల్డి వెయ్యిమంది వాలంటీర్లతో సిసిలీలో దిగాడు. సెప్టెంబర్ 7న నేపుల్స్‌లో అడుగుపెట్టాడు. అదీ యుద్ధం చేసి కాదు, రైల్లో వచ్చి. అంతకు ముందు రోజే రాజు రెండో ఫ్రాంచెస్కో రాజధాని వదిలి ఓడెక్కి గయేటా వచ్చేశాడు.

అప్పటికి అతనికి 24 ఏళ్లు. సింహాసనం ఎక్కి ఏడాదిన్నర కూడా కాలేదు. సిగ్గరి, భక్తుడు. జనం "ఫ్రాంచెస్కియెల్లో" అని వెక్కిరింతగా పిలిచేవాళ్లు, అంటే చిన్న ఫ్రాంచెస్కో. మన భాషలో చెప్పాలంటే బుల్లి రాజుగారు. రాణి మరియా సోఫియాకి ఇంకా 19 నిండలేదు. ఈ అమ్మాయి బవేరియా నుంచి వచ్చింది. నెట్‌ఫ్లిక్స్‌లో 'ది ఎంప్రెస్' చూసినవాళ్లకి సిసి తెలుసు కదా, ఆస్ట్రియా మహారాణి. ఆమె సొంత చెల్లెలే ఈ సోఫియా. గుర్రపు స్వారీ, ఈత అంటే పడిచచ్చే మనిషి.

ఇక్కడ ఒక మాట. ఈ కుర్ర జంటని చూసి జాలిపడటం తేలిక. కానీ వాళ్ల వంశం పాలన ఏమంత ముచ్చటైంది కాదు. ఫ్రాంచెస్కో తండ్రి 1848లో తిరగబడ్డ మెస్సీనా నగరం మీద ఫిరంగి గుండ్లు కురిపించి 'బాంబు రాజు' అనే పేరు తెచ్చుకున్నాడు. రాజ్యంలో జైళ్లు రాజకీయ ఖైదీలతో నిండి ఉండేవి. కాబట్టి గయేటా కథలో నాకు రాజు కంటే, ఆ రాజు కోసం లోపల ఉండిపోయిన సామాన్య సైనికులే ఎక్కువ గుర్తుంటారు. నేపుల్స్ పోయింది. అక్టోబర్ మొదట్లో వోల్టుర్నో నది దగ్గర జరిగిన పెద్ద యుద్ధంలో గారిబాల్డిని వెనక్కి తోయలేకపోయారు. పియెడ్‌మాంట్ సైన్యం ఉత్తరం నుంచి దిగి వచ్చేసింది. ఇంటికి పోతే అడిగేవాడు లేడు, చాలామంది పోయారు కూడా. అయినా వేలమంది గోడల లోపలే ఆగారు.

నవంబర్ మొదట్లో ముట్టడి మొదలైంది. బయట సేనాని జనరల్ చల్దీని. ఆయన మకాం గల్ఫ్‌కి అవతల మోలాలో, అంటే ఇప్పుడు మనం ట్రైన్ దిగే ఫోర్మియాలో. పాత ఊరి రేవు గట్టు మీద నిలబడితే ఫోర్మియా ఇళ్లు ఎదురుగానే కనిపిస్తాయి, రాత్రి అయితే దీపాలు లెక్కపెట్టొచ్చు. శత్రువు అంత దగ్గర్లో కళ్లెదురుగా ఉండేవాడన్నమాట.

దగ్గర అంటున్నాను గానీ, కోటలోని చాలా ఫిరంగులకి అది దగ్గర కాదు. అసలు సమస్య అదే. బూర్బన్ల దగ్గర ఉన్నవి ఎక్కువగా గొట్టం లోపల నున్నగా ఉండే పాతకాలం ఫిరంగులు. పియెడ్‌మాంట్‌వాళ్లు కవల్లి అనే వాళ్ల ఇంజినీరు తయారుచేసిన కొత్తరకం తెచ్చారు. వాటి గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు ఉంటాయి. గుండు ఆ గాడుల్లో తిరుగుతూ బయటికొస్తుంది కాబట్టి తిన్నగా పోతుంది, చాలా దూరం పోతుంది. కపుచ్చిని కొండ, దాని చుట్టుపక్కల దిబ్బలు, బోర్గో పేట వెనకాల, ఇలా కోట ఫిరంగికి అందని చోట్ల వాటిని నిలబెట్టి కొట్టడం మొదలుపెట్టారు. లోపలివాళ్లు దెబ్బ తినడమే గానీ తిరిగి కొట్టడానికి చెయ్యి చాలదు. పాత లెక్కలో కట్టిన గోడలు, కొత్త లెక్కలో పేలుతున్న ఫిరంగులు.

బోర్గో అంటే గోడల బయట జాలర్లు, నావికులు ఉండే పేట. ఇవాళ గయేటాలో అసలు సందడంతా అక్కడే. సన్నటి పొడుగాటి బజారు, మేడ మీంచి మేడకి ఆరేసిన బట్టలు, బేకరీలు. ముట్టడిలో ఆ పేట పియెడ్‌మాంట్ సైన్యం చేతిలో ఉంది. అంటే ఒకే ఊరి జనం, సగం గోడ లోపల, సగం బయట. తర్వాత 1897లో బోర్గో విడిపోయి 'ఎలెనా' అని వేరే మునిసిపాలిటీ అయింది, మళ్లీ 1927లో గయేటాలో కలిసింది. విడిపోడానికి కారణాలు వేరే ఉండొచ్చు, నాకు మాత్రం ఆ బజార్లో నడుస్తుంటే గోడ సంగతే గుర్తొచ్చింది.

జనవరి దాకా సముద్రం తలుపు తెరిచే ఉంది. ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ తన నౌకల్ని గయేటా ముందు నిలబెట్టాడు. అవి కోట తరఫున ఒక్క గుండూ పేల్చలేదు. ఊరికే నిలబడ్డాయి. అది చాలు, పియెడ్‌మాంట్ నౌకాదళం అటు వైపు రాలేకపోయింది. బ్రిటన్‌కి ఇది నచ్చలేదు, నౌకలు తీసేయమని ఒత్తిడి పెట్టింది. నెపోలియన్ కొన్నాళ్లు అటూఇటూ ఊగి, రెండు వైపులా కొద్దిరోజుల కాల్పుల విరమణ ఒకటి చేయించి, అది అయిపోగానే 1861 జనవరి 19న నౌకల్ని వెనక్కి పిలిపించుకున్నాడు.

మోంటే ఓర్లాండో ఎక్కితే ఆ రోజు ఎలా ఉండి ఉంటుందో ఊహించొచ్చు. కొండంతా ఇప్పుడు పార్కు, సుమారు 170 మీటర్ల ఎత్తు. దారిలో పాడుబడ్డ బ్యాటరీలు, దళసరి గోడల మందుగుండు గదులు, చెట్లు మొలిచిన మెట్లు. పైన రెండువేల ఏళ్ల నాటి గుండ్రటి రోమన్ సమాధి, ప్లాంకుస్ అనే సేనానిది. అక్కడ నిలబడితే ఒక పక్క గల్ఫ్ అంతా, ఇంకో పక్క తెరిచిన సముద్రం అంతా కనిపిస్తుంది. నౌక వచ్చినా పోయినా దాచుకునే వీల్లేదు. జనవరి 19న ఫ్రెంచి తెరచాపలు, పొగగొట్టాలు దూరమవుతుంటే కోటలో ప్రతి సైనికుడూ చూసే ఉంటాడు.

ఆ ఖాళీలోకి అడ్మిరల్ పెర్సానో నౌకలు వచ్చి నిలబడ్డాయి. ఇక నేల మీంచి, నీళ్ల మీంచి రెండు వైపులా ముట్టడి. జనవరి 22న అన్నీ కలిసి ఒకేసారి కోట మీద విరుచుకుపడ్డాయి. ఆశ్చర్యం ఏంటంటే ఆ రోజు మాత్రం లోపలివాళ్లు బాగా నిలబడ్డారు. సముద్రం వైపు బ్యాటరీలు గట్టిగా జవాబు చెప్పేసరికి నౌకలు దూరంగానే ఆగాల్సొచ్చింది. గోడల మీద బ్యాండు వాయించారు. రాణి బ్యాటరీల దగ్గరే తిరిగింది. ఆమె ఫిరంగి పేల్చిందా లేదా అన్నది నాకు ముఖ్యం కాదు. గాయపడ్డవాళ్ల మంచాల దగ్గర కూర్చుంది, సైనికులతోపాటు గోడల కింద గదుల్లో బతికింది. యూరప్ పత్రికలు ఆమెకి 'గయేటా వీరనారి' అని పేరు పెట్టేశాయి.

కానీ గుండు కంటే ముందు జ్వరం చంపింది. ఊపిరాడని గదుల్లో వేలమంది, స్నానాల్లేవు, పేలు. టైఫస్ అంటుకుంది. గుర్రాలకి, కంచరగాడిదలకి మేత లేదు. తలుపు తెరిచి ఉన్నప్పుడు రోగుల్ని పంపించేయగలిగారు, ఇప్పుడు అదీ లేదు.

ఫిబ్రవరి 5, మధ్యాహ్నం. నేల వైపు గోడల్లో సాంట్ ఆంటోనియో అనే బ్యాటరీ, దాని కింద మందుగుండు గది. ఒక గుండు వచ్చి పడింది, గది మొత్తం పేలిపోయింది. గోడలో పెద్ద గండి, పక్కనున్న ఇళ్లు నేలమట్టం. 300కి పైగా సైనికులు, సుమారు వందమంది ఊరి జనం చనిపోయారు. గోడల నిర్మాణం చూసే ఇంజినీరింగ్ జనరల్ ట్రవెర్సా కూడా అందులోనే పోయాడు. రాళ్ల కింద బతికున్నవాళ్లు అరుస్తుంటే బయటికి తీయడానికి, పోయినవాళ్లని పాతిపెట్టడానికి రెండు రోజులు కాల్పులు ఆపమని అడిగారు. చల్దీని ఒప్పుకున్నాడు. గడువు అయిపోగానే మళ్లీ మొదలు.

నన్ను ఆపేసింది మాత్రం ఇది కాదు, తర్వాత జరిగింది. ఫిబ్రవరి 11కల్లా రాజు లొంగిపోడానికి సిద్ధపడ్డాడు. కోట నుంచి అధికారులు మోలా వెళ్లారు. సముద్రం ఒడ్డున ఒక విల్లాలో కూర్చుని షరతులు మాట్లాడుకుంటున్నారు: సైనికుల జీతాలు, పింఛన్లు, ఎవరు ఎప్పుడు బయటికి రావాలి. మామూలుగా ఇలాంటప్పుడు కాల్పులు ఆపుతారు. చల్దీని ఆపలేదు. సంతకం పడేదాకా కొడుతూనే ఉంటానన్నాడు. మూడు రోజులు బల్ల దగ్గర కాగితాల మీద బేరం, గల్ఫ్‌కి ఇవతల గుండ్లు. ఫిబ్రవరి 13 మధ్యాహ్నం, సంతకాలకి కొన్ని గంటల ముందు, ట్రాన్సిల్వేనియా అనే బ్యాటరీలో ఇంకో మందుగుండు గది పేలింది. పదుల్లో ఫిరంగి సైనికులు పోయారు. అందులో కార్లో జోర్దానో అనే కుర్రాడు ఉన్నాడు. నేపుల్స్ మిలిటరీ స్కూల్ నుంచి పారిపోయి వచ్చి కోటలో చేరాడు. ఇంకా ఇరవై నిండని వయసు, మన ఇంటర్ పిల్లల ఈడు.

వాళ్ల చావుతో ఏ షరతూ మారలేదు. ఏ గోడా అదనంగా పడలేదు. లొంగుబాటు అప్పటికే ఖాయం. చల్దీని తరఫున వాదించేవాళ్లు ఉన్నారు: కోటవాళ్లు మాటల పేరుతో గోడలు బాగుచేసుకుంటున్నారని ఆయన అనుమానం. ఉండొచ్చు. కానీ ఓడిపోయామని ఒప్పుకుని కలం పట్టుకున్న వాళ్ల మీద ఫిరంగి పేల్చడం యుద్ధం అనిపించుకుంటుందా అంటే, నేనైతే ఒప్పుకోను. రాజ్యం ఏకం కావడం మంచిదే. ఆ ఆఖరి మధ్యాహ్నం మాత్రం అక్కర్లేదు.

మర్నాడు, ఫిబ్రవరి 14 పొద్దున్న, రాజూ రాణీ రేవుకి నడిచారు. దారికి రెండు వైపులా మాసిన బట్టల్లో, జ్వరాలతో నిలబడ్డ సైనికులు. 'ల మువెత్' అనే ఫ్రెంచి ఓడ వాళ్లని పోప్ రాజ్యంలోకి తీసుకెళ్లింది, అక్కణ్ణుంచి రోమ్. విచిత్రం చూడండి, 1848లో రోమ్‌లో తిరుగుబాటు వచ్చినప్పుడు పోప్ తొమ్మిదో పయస్ మామూలు ఫాదర్ వేషంలో పారిపోయి వచ్చి తలదాచుకున్నది ఈ గయేటాలోనే, ఆశ్రయం ఇచ్చింది ఫ్రాంచెస్కో తండ్రే. ఇప్పుడు అదే పోప్ దగ్గరికి కొడుకు శరణు వెళ్లాడు. లెక్క సరిపోయింది.

మూడు నెలలకి పైగా సాగిన ముట్టడిలో పియెడ్‌మాంట్ వైపు చనిపోయినవాళ్లు యాభై మంది లోపే. కోట వైపు 800కి పైగా. ఫిరంగి దూరాల లెక్క ఈ రెండు అంకెల్లో ఉంది. మార్చి 17న ఇటలీ రాజ్యం ప్రకటించారు. చల్దీనికి గయేటా డ్యూక్ అనే బిరుదు ఇచ్చారు. పెర్సానో ఐదేళ్లకి లిస్సా సముద్రయుద్ధంలో ఘోరంగా ఓడి, విచారణ ఎదుర్కొని, పదవి పోగొట్టుకున్నాడు. ఫ్రాంచెస్కో 1894లో ఆర్కో అనే చిన్న ఊళ్లో చనిపోయాడు, రాజ్యం మళ్లీ చూడలేదు.

సోఫియా కథలో ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. 1862లో రోమ్‌లో ఆమె నగ్న ఫొటోలంటూ కొన్ని బయటికొచ్చాయి. వేరే ఆడమనిషి ఒంటికి రాణి తల అతికించి తీసినవి. రాజుల ఆస్థానాలకి కూడా పంపారు. పోలీసులు పట్టుకుని కూపీ లాగితే బూటకమని తేలింది. ఫోన్‌లో డీప్‌ఫేక్ చూసి ఇదంతా ఏఐ వచ్చాకే మొదలైంది అనుకుంటున్నాం గానీ, కత్తెర, జిగురు ఉన్నప్పుడే ఈ బుద్ధి ఉంది. గోడల మీద భయపడని మనిషిని ఏం చేయాలో తెలియకపోతే ఇదిగో ఇలా చేస్తారు. ఆమె మ్యూనిక్‌లో 1925లో, 83 ఏళ్ల వయసులో పోయింది. తేదీ జనవరి 19. ఫ్రెంచి నౌకలు వెళ్లిపోయిన తేదీయే.

వెళ్లేవాళ్లకి నాలుగు మాటలు. ఎండాకాలం అయితే కొండ పొద్దున్నే ఎక్కేయండి, నీళ్లు పట్టుకెళ్లండి. సముద్రం వైపు మోంతాన్యా స్పకాతా అనే చీలిన కొండ ఉంది. క్రీస్తు ప్రాణం వదిలినప్పుడు అది చీలిందని ఊరివాళ్ల నమ్మకం. నమ్మని ఒక తురుష్కుడు రాతి మీద చెయ్యి పెడితే రాయి మెత్తబడి అయిదు వేళ్లూ దిగాయట, ఆ గుర్తు చూపిస్తారు. పెద్ద కోట చాలా ఏళ్లు మిలిటరీ జైలు, ఇటలీ ఏకం కావాలని జీవితమంతా పోరాడిన మాజ్జీనిని 1870లో బంధించింది కూడా గయేటాలోనే. రేవులో అమెరికన్ యుద్ధనౌక కనిపిస్తే కంగారుపడకండి, వాళ్ల ఆరో నౌకాదళం ఫ్లాగ్‌షిప్‌కి చాలా ఏళ్లుగా ఇదే మకాం. సముద్రం ఎవరి చేతిలో ఉందన్నది ఈ ఊరికి ఎప్పుడూ పాత విషయం కాదు.

తిండి సంగతి: టియెల్లా తినకుండా రావద్దు. రెండు పల్చటి రొట్టెల మధ్య ఆక్టోపస్, టమాటా, గయేటా ఆలివ్‌లు కూరి, అంచులు మన కజ్జికాయల్లా వేళ్లతో నొక్కి కాలుస్తారు. శాకాహారులకి ఎస్కరోల్ ఆకుకూరతో చేసినది దొరుకుతుంది, కానీ అందులో ఆంచోవీ చేప వేయలేదు కదా అని అడిగి తీసుకోండి. బోర్గో బజార్లో బేకరీ ఆవిడ నాకు కాగితంలో చుట్టి ఇస్తూ, ఇది జాలర్ల భోజనం, పడవలో రెండు మూడు రోజులు పాడవదు అంది. గోడకి ఏ వైపున తినేవాళ్లు అని అడగబోయి ఊరుకున్నాను. వెనక లైన్లో ఐదుగురు ఉన్నారు, ఆక్టోపస్‌ది ఇంకో రెండే మిగిలాయి.